తూము చిన్నది, చెరువు పెద్దది: ఫైల్ సర్వర్లకు యాంటీవైరస్ కాపలా కాసిన కథ

ఈ ఎపిసోడ్‌లో చెప్పబోయేది చరిత్రే, కానీ రాజులు, యుద్ధాలు తక్కువ. కంప్యూటర్లలో ఫైళ్లు ఒకచోట దాచుకోవడం ఎట్లా మొదలైంది, ఆ ఫైళ్లకు వైరస్ తగలకుండా కాపలా పెట్టడం ఎట్లా మొదలైంది, ఆ కాపలాదారుడికి పని ఎక్కువైపోయినప్పుడు ఏం జరుగుతుంది, ఇదీ కథ. నేను బీటెక్ అయ్యాక కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో స్టోరేజ్ పని చేశాను కాబట్టి, ఇది పుస్తకంలో చదివింది కాదు, చేత్తో ముట్టుకున్న విషయం.

"బోర్ టాపిక్ అన్నా" అనుకుంటున్నారు కదా. ఒక్క మాట వినండి. 2019 మే మొదట్లో మన కరెంటు బిల్లు వెబ్‌సైట్ ఆగిపోయింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల సైట్ల మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అంటే ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బులు కట్టు అనే రకం వైరస్. అందులో మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు కరెంటు ఇచ్చే టీఎస్‌ఎస్‌పీడీసీఎల్ కూడా ఉంది, ఇప్పుడు టీజీఎస్‌పీడీసీఎల్ అంటున్నాం. బ్యాకప్ ఉంది, డేటా పోలేదు అని అధికారులు చెప్పారు, సైట్లు తిరిగి నిలబడ్డాయి. కానీ ఫోన్‌లో బిల్లు కట్టుకుందామని కూర్చున్న మనిషికి ఆ రోజు అర్థమైంది ఏంటంటే, ఎక్కడో ఒక గదిలో ఉన్న సర్వర్ ఆగితే తన ఇంట్లో పని ఆగుతుంది అని.

సరే, మొదటి నుంచి వద్దాం.

దస్తరం నుంచి డ్రైవ్ వరకు

మన ప్రాంతం ఒకప్పుడు సంస్థానాల ప్రాంతం. గద్వాల సంస్థానం, వనపర్తి సంస్థానం, కొల్లాపూర్ రాజధానిగా జటప్రోలు సంస్థానం. ఇప్పటి మూడు జిల్లాల్లో ఒక్కోదానికి ఒక్కటి అన్నట్టు లెక్క కుదురుతుంది. నిజాం కింద ఉంటూ పన్ను వసూలు, భూముల లెక్కలు వాళ్లే చూసుకునేవాళ్లు. భూమి లెక్క అంటే కాగితం. కాగితం అంటే దస్తరం. గుడ్డలో కట్టి పెట్టిన మూటలు. 1949లో హైదరాబాద్ రాజ్యంలో జాగీర్లు రద్దయ్యాయి, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 2014లో తెలంగాణ వచ్చింది. ప్రభుత్వం మారిన ప్రతిసారీ భూమి మారలేదు, మనుషులు మారలేదు, కాగితాలు మాత్రం చేతులు మారాయి.

చివరి పెద్ద మార్పు మనం కళ్లారా చూశాం. 2016 అక్టోబర్ 11, దసరా రోజు. తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వచ్చింది. ఒక కలెక్టరేట్ చేసే పనికి నాలుగు, ఆ తర్వాత ఐదు కలెక్టరేట్లు వచ్చాయి. ఇప్పుడు మీరే ఊహించండి. ఒక జిల్లా నాలుగైతే కుర్చీలు, బీరువాలు పంచితే సరిపోదు. ఫైళ్లు పంచాలి. కాగితం ఫైల్ ఒక చోటు నుంచి తీసి ఇంకో చోట పెడితే అయిపోతుంది. కంప్యూటర్ ఫైల్ అట్లా కాదు, అది కాపీ అవుతుంది. కాపీ అయిన ప్రతిసారీ దాంతోపాటు ఇంకేదైనా కూడా కాపీ అవుతుందా అనేది చూడాలి. అదే వైరస్ సమస్య.

పాత దస్తరం గదికి శత్రువు చెదలు. చెదలు ఒక మూటను తింటే పక్క మూటకు పాకడానికి రోజులు పడుతుంది. సర్వర్‌లో చెదలకు నిమిషాలు చాలు. తేడా అంతే.

ఫ్లాపీ కాలం

వైరస్ అనే మాట రాకముందే 1971లో క్రీపర్ అనే ప్రోగ్రామ్ అమెరికాలో ఆర్పానెట్ మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు తిరిగింది. దాన్ని వెతికి తీసేయడానికి రీపర్ అని ఇంకో ప్రోగ్రామ్ రాశారు. ఒక రకంగా మొదటి యాంటీవైరస్ అదే.

1986లో పీసీలకు బ్రెయిన్ వైరస్ వచ్చింది. ఎక్కడి నుంచో తెలుసా? లాహోర్ నుంచి. అక్కడి అన్నదమ్ములు ఇద్దరు రాశారు. ఫ్లాపీ ద్వారా ప్రపంచమంతా తిరిగింది. మన దేశంలో 1990లో జోషి అనే వైరస్ బయటపడింది. జనవరి 5న కంప్యూటర్ ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఆగిపోయేది, జోషికి పుట్టినరోజు శుభాకాంక్షలు టైప్ చేస్తే గానీ కదిలేది కాదు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. కానీ ఆ రోజుల్లో ఆఫీసుకు ఒకటో రెండో కంప్యూటర్లు. అది ఆగితే ఆఫీసు ఆగినట్టే.

పుణెలో కైలాష్ కాట్కర్ అనే ఆయన క్యాలిక్యులేటర్లు రిపేర్ చేసే షాపు నడిపేవాడు. తర్వాత కంప్యూటర్ల రిపేర్‌లోకి దిగాడు. వచ్చిన కంప్యూటర్లలో చాలావాటికి జబ్బు వైరసే అని చూసి, తమ్ముడు సంజయ్ వాటిని తీసే ప్రోగ్రామ్ రాశాడు. అదే క్విక్ హీల్ అయ్యింది, 2016లో షేర్ మార్కెట్‌కి వచ్చింది. మీ ఊళ్లో మొబైల్ రిపేర్ షాపు నడిపే అన్న ఎవరైనా ఉంటే ఈ కథ చెప్పండి.

ఆ కాలంలో కాపలా సింపుల్. ఫ్లాపీ పెట్టావా, స్కాన్ చెయ్యి, తర్వాత వాడు. తెలిసిన వైరస్‌లు కొన్నే, ఫైళ్లు కొన్నే. ఒక మనిషి, ఒక తలుపు, ఒక కాపలాదారుడు.

అందరి ఫైళ్లు ఒకచోటికి వచ్చాయి

ఇంకోవైపు ఇంకో కథ నడుస్తోంది. 1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజనీర్ ఎస్ఎంబీ అనే పద్ధతి తయారు చేశాడు. మీ ఆఫీసులో "షేర్డ్ ఫోల్డర్" అంటారే, దాని మూలం ఇదే. 1984లో సన్ కంపెనీ యూనిక్స్ వాళ్ల కోసం ఎన్ఎఫ్ఎస్ తెచ్చింది. 1992లో నెట్‌యాప్ కంపెనీ మొదలైంది. వాళ్ల ఐడియా ఏంటంటే, ఫైళ్లు దాచడం ఒక్కటే పనిగా పెట్టుకున్న ప్రత్యేకమైన పెట్టె. దాన్ని నెట్‌వర్క్‌కు తగిలిస్తే చాలు, అందరూ దాంట్లోనే ఫైళ్లు పెట్టుకుంటారు. అదే నాస్, నెట్‌వర్క్ స్టోరేజ్. ఇప్పుడు చిన్న సైజు నాస్ పెట్టెలు ఫొటో స్టూడియోల్లో, ఆడిటర్ ఆఫీసుల్లో కూడా కనిపిస్తాయి.

దీని లాభం అందరికీ తెలుసు. నష్టం 2000 మే 4న తెలిసింది. ఆ రోజు ఫిలిప్పీన్స్ నుంచి ఐ లవ్ యూ అనే వైరస్ ఈమెయిల్‌లో వచ్చింది. ప్రేమలేఖ అనుకుని తెరిచినవాళ్ల కంప్యూటర్‌లోనే కాదు, ఆ కంప్యూటర్‌కు తగిలించి ఉన్న నెట్‌వర్క్ డ్రైవ్‌లలో ఫొటోల మీద కూడా అది తన కోడ్ రాసేసింది. తెరిచింది ఒకడు, పోయింది అందరి ఫొటోలు. అదే ఏడాది అక్టోబర్ 17న మన దేశంలో ఐటీ చట్టం అమల్లోకి వచ్చింది. ఇతరుల కంప్యూటర్‌లోకి వైరస్ ఎక్కించడం తప్పు అని ఆ చట్టంలోని 43వ సెక్షన్‌లో రాశారు.

2001 సెప్టెంబర్ 18న నిమ్డా వచ్చింది. అది ఈమెయిల్ ఒక్కటే నమ్ముకోలేదు. తెరిచి ఉన్న షేర్డ్ ఫోల్డర్లు వెతుక్కుంటూ వెళ్లి అక్కడ తన కాపీలు పెట్టింది. ఇంకెవరో వచ్చి ఆ ఫైల్ తెరిచేదాకా అక్కడే కూర్చుంటుంది. ఊరందరూ నీళ్లు తోడుకునే బావిలో విషం కలిపినట్టు.

అప్పుడు ఇంజనీర్లకు ఒక చిక్కు వచ్చింది. ప్రతి పీసీలో యాంటీవైరస్ పెట్టొచ్చు, కానీ ఒక్క పీసీలో లేకపోయినా బావి పాడవుతుంది. మరి బావి దగ్గరే కాపలా పెడదామంటే, నాస్ పెట్టెలో మన ఇష్టం వచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి కుదరదు. దాని ఆపరేటింగ్ సిస్టమే వేరు. అందుకని మధ్యేమార్గం కనిపెట్టారు. కాపలాదారుణ్ని పక్క గదిలో కూర్చోబెట్టారు.

ఎట్లాగంటే, మీరు ఒక ఫైల్ తెరవమని నాస్‌ను అడుగుతారు. నాస్ వెంటనే ఇవ్వదు. పక్కన ఉన్న స్కాన్ సర్వర్‌ను "ఈ ఫైల్ చూసి చెప్పు" అని అడుగుతుంది. అది చదివి "క్లీన్" అంటే, అప్పుడు మీకు ఫైల్ తెరుచుకుంటుంది. ఇదంతా మీకు కనపడదు. స్క్రీన్ మీద గుండ్రంగా తిరిగే చక్రం మాత్రమే కనపడుతుంది. 2003 ఏప్రిల్‌లో ఐక్యాప్ అనే పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 3507 పేరుతో ప్రచురించారు. వెబ్ ట్రాఫిక్ కోసం తయారైన ఆ పద్ధతిని కూడా తర్వాత కొన్ని స్టోరేజ్ కంపెనీలు ఈ పనికి వాడుకున్నాయి.

బాగుంది కదా? ఇక్కడే అసలు కథ మొదలు.

తూము లెక్క

మన వనపర్తి సంస్థానం చెరువులకు పేరు. శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి గుడి పక్కన రంగసముద్రం చూసే ఉంటారు. చెరువుకు మూడు ముఖ్యం: వచ్చే నీళ్లు, పోయే తూము, ఎక్కువైతే పొర్లే అలుగు. స్కానింగ్ కూడా అచ్చం ఇంతే. ఫైల్ రిక్వెస్టులు వచ్చే నీళ్లు. స్కాన్ సర్వర్ తూము. మధ్యలో ఆగిన క్యూ చెరువు.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. ఇది నేను కల్పించిన ఆఫీసు, లెక్క మాత్రం నిజం. 300 మంది ఉద్యోగులు. ఒక్కొక్కరు నిమిషానికి 4 ఫైళ్లు తెరుస్తారు, దాస్తారు అనుకోండి. నిమిషానికి 1200, అంటే సెకనుకు 20 ఫైళ్లు. వందలో 90 చిన్న ఫైళ్లు, ఒక్కోదానికి 50 మిల్లీసెకన్లు పడుతుంది. మిగతా 10 పెద్ద పీడీఎఫ్‌లు, జిప్‌లు, ఒక్కోదానికి 2 సెకన్లు. సగటు తీస్తే ఒక్కో ఫైల్‌కు 245 మిల్లీసెకన్లు.

ఇప్పుడు సెకనుకు 20 ఫైళ్లను 0.245తో గుణించండి. 4.9. అంటే ఏ క్షణం చూసినా దాదాపు 5 ఫైళ్లు స్కాన్ అవుతూ ఉండాలి. దీన్ని లిటిల్ సూత్రం అంటారు, 1961లో జాన్ లిటిల్ రుజువు చేశాడు. అంతకన్నా ముందు, 1909లోనే, డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే ఆయన టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ కోసం ఇలాంటి లెక్కలు మొదలుపెట్టాడు. ఎన్ని లైన్లు ఉంటే ఎంతమందికి ఫోన్ కలుస్తుంది అని. సమస్య ఎంత పాతదో చూడండి.

మన స్కాన్ సర్వర్ ఒకేసారి 4 ఫైళ్లే చూడగలదు అనుకోండి. అంటే సెకనుకు 16 ఫైళ్లు దాటించగలదు. వచ్చేది 20. సెకనుకు 3, 4 ఫైళ్లు మిగిలిపోతాయి. పది నిమిషాల్లో క్యూ 2200 దాటాలి. నిజంగా అంత దాకా పోదు, ఎందుకంటే ఎదురుచూస్తున్న మనిషి కొత్త ఫైల్ తెరవడు. కానీ ఏం చేస్తాడు? తెరుచుకోలేదని మళ్లీ డబుల్ క్లిక్ కొడతాడు. తర్వాత టీ తాగడానికి పోతాడు. కౌంటర్ బయట నిలబడ్డ రైతు అక్కడే నిలబడతాడు.

మరి రోజూ ఇట్లాగే ఎందుకు జరగదు? ఎందుకంటే స్టోరేజ్ తెలివైనది. ఒకసారి చూసిన ఫైల్‌కు "చూశాను, క్లీన్" అని గుర్తు పెట్టుకుంటుంది. ఫైల్ మారకపోతే మళ్లీ అడగదు. వందలో 80 ఫైళ్లకు ఇట్లా గుర్తు ఉందనుకోండి, సెకనుకు 4 ఫైళ్లే స్కానర్‌కు పోతాయి. స్కానర్ పావు వంతే బిజీ. హాయిగా నడుస్తుంది. మేనేజర్ చూసి "సర్వర్ 25 శాతమే వాడుతున్నాం, ఇంకోటి ఎందుకు, దండగ" అంటాడు.

ఆ తర్వాత యాంటీవైరస్‌కు కొత్త అప్‌డేట్ వస్తుంది. కొత్త వైరస్‌ల జాబితా వచ్చింది కాబట్టి పాత "క్లీన్" గుర్తులు చెల్లవు. నిన్న చూసినప్పుడు తెలియని వైరస్ ఈ రోజు తెలుస్తుంది కదా. అన్ని గుర్తులూ చెరిగిపోతాయి. పొద్దున 10:30కి అందరూ వచ్చి కూర్చుంటారు. 25 శాతం ఉన్న భారం ఒక్కసారిగా 120 శాతం దాటుతుంది. అదే పాత ఆఫీసు, అదే మనుషులు, అదే సర్వర్. ఏమీ మారలేదు, కానీ అన్నీ ఆగిపోయాయి. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ లెక్క ప్రకారం రోజుకు నాలుగున్నర లక్షలకు పైగా కొత్త హానికర ప్రోగ్రామ్‌లు నమోదవుతున్నాయి. కాబట్టి అప్‌డేట్ మానేద్దాం అనడానికి లేదు.

ఇంకో మాట. నూటికి నూరు శాతం దాకా ఆగక్కర్లేదు. సింపుల్ క్యూ లెక్కలో స్కానర్ సగం బిజీగా ఉంటే మీ ఫైల్‌కు మామూలు కన్నా రెండింతల టైమ్ పడుతుంది. 80 శాతం బిజీ అయితే ఐదింతలు. 90 అయితే పదింతలు. 95 అయితే ఇరవై ఇంతలు. అందుకే తెలిసినవాళ్లు స్కానర్‌ను నిండా వాడుకోవాలని చూడరు. ఖాళీగా ఉన్నట్టు కనపడే ఆ భాగమే కాపలా. రెండు స్కానర్లు ఉంటే, ఒకటి చెడిపోయినా రెండోది ఒక్కటే మోయగలిగేలా చూసుకుంటారు.

అలుగు ఎక్కడ పెట్టాలి?

ఇప్పుడు గుండెకాయ లాంటి ప్రశ్న. స్కానర్ జవాబు ఇవ్వకపోతే నాస్ ఏం చెయ్యాలి?

రెండే దారులు. ఒకటి, "స్కాన్ కాకపోతే ఫైల్ ఇవ్వను." అప్పుడు భద్రం, కానీ ఆఫీసు బంద్. రెండు, "స్కాన్ కాకపోయినా సరే, తీసుకో." అప్పుడు పని నడుస్తుంది, కానీ తలుపు తెరిచి పెట్టినట్టు. నెట్‌యాప్ లాంటి స్టోరేజ్‌లో దీనికి ఒక చిన్న సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అనేది ఒక్క లైన్ కమాండ్.

నేను పనిచేసినప్పుడు చూసిన దృశ్యం ఒకటే, మళ్లీ మళ్లీ. సోమవారం పొద్దున ఫిర్యాదులు వస్తాయి: డ్రైవ్ స్లో, ఎక్సెల్ తెరుచుకోవట్లేదు, క్లయింట్ లైన్‌లో ఉన్నాడు. ఫోన్ మీద ఫోన్. చివరికి ఎవరో పెద్దాయన అంటాడు, "ముందు ఆ స్కానింగ్ తీసేయండి, తర్వాత చూద్దాం." తీసేస్తారు. అంతా ఫాస్ట్. అందరికీ హ్యాపీ. ఆ "తర్వాత" మాత్రం తొందరగా రాదు.

చెరువు భాషలో చెప్పాలంటే, తూము చిన్నదని తెలిసి కూడా పెద్దది చేయకుండా, కట్టకు గండి కొట్టడం ఇది. అలుగు అంటే తెలిసి, కొలిచి, రాతితో కట్టినది. ఎంత నీళ్లు పొర్లుతాయో, ఎటు పోతాయో ముందే అనుకున్నది. గండి అట్లా కాదు. అది భయంలో కొట్టేది.

నాకు ఈ చరిత్రంతా చదివాక అనిపించింది ఇదే. మనం వైరస్ కథను ఎప్పుడూ దొంగ, పోలీసు కథలా చెప్పుకుంటాం. తెలివైన హ్యాకర్, అంతకన్నా తెలివైన ఇంజనీర్ అని. కానీ చాలాసార్లు మందు ముందే ఉంది. ఆ మందు అందరికీ అందించే ఓపిక, సామర్థ్యం లేవు.

వానాక్రై చూడండి. అది ఎస్ఎంబీలో, అంటే అదే షేర్డ్ ఫోల్డర్ పద్ధతిలో ఉన్న లోపం పట్టుకుని వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి 2017 మార్చి 14న మందు ఇచ్చింది. దాడి జరిగింది మే 12న. మధ్యలో 59 రోజులు ఉన్నాయి. అయినా 150 దేశాల్లో కంప్యూటర్లు పడిపోయాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగాయి. మన పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, గుంటూరు, కృష్ణా, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లకు తగిలింది. టీటీడీ ఆఫీసులో కొన్ని కంప్యూటర్లకు కూడా తగిలింది. ఇంకో సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. వానాక్రై ఎవరో ఫైల్ తెరిస్తే రాలేదు, నెట్‌వర్క్ లోపం నుంచి నేరుగా దూరింది. తలుపు దగ్గర ఫైళ్లు తనిఖీ చేసే కాపలాదారుడు గోడకు పడ్డ కన్నాన్ని ఆపలేడు. దానికి ప్యాచ్ కావాలి.

కాపలాదారుణ్నే పడగొట్టడం

దొంగలకు కూడా ఈ తూము లెక్క తెలుసు. 42 డాట్ జిప్ అని ఒక పేరున్న ఫైల్ ఉంది. సైజు 42 కేబీ. మీ సెల్ఫీ కన్నా చిన్నది. పూర్తిగా విప్పితే నాలుగున్నర పెటాబైట్లు అవుతుంది. జిప్‌లో జిప్, దాంట్లో ఇంకో జిప్. అమాయకుడైన స్కానర్ దాన్ని విప్పుకుంటూ పోతే ఆ క్యూలో వెనక ఉన్నవాళ్లందరి పని అయిపోయినట్టే. అందుకే ఎన్ని పొరల దాకా విప్పాలి, ఎంత సైజు దాకా చూడాలి, ఎంతసేపు చూడాలి అని హద్దులు పెడతారు. హద్దు పెడితే ఆ హద్దు అవతల దాక్కోవచ్చు. హద్దు పెట్టకపోతే స్కానర్ చస్తుంది. పూర్తి న్యాయం ఎక్కడా లేదు.

2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అని వచ్చింది. క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెల మీద దాడి. ఫైళ్లకు తాళం వేయడానికి అది వాడింది సెవెన్-జిప్. అందరం వాడే మంచి ప్రోగ్రామే. పాస్‌వర్డ్ పెట్టి ఫైళ్లన్నీ మూటగట్టేసింది. మంచివాడి వేషంలో వచ్చిన దొంగను ఏ కాపలాదారుడు ఆపుతాడు?

ఒక్కోసారి కాపలాదారుడే ఇంటివాళ్లను కొడతాడు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలో ఉండే సొంత సిస్టమ్ ఫైల్‌నే వైరస్ అనుకుంది. ఎన్నో కంప్యూటర్లు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ ఉండిపోయాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం స్క్రీన్ చూపించాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు అందరి ఫోన్లలో తిరిగింది, గుర్తుందా? అందుకే అప్‌డేట్‌ను అన్ని సర్వర్లకూ ఒకేసారి ఎక్కించకుండా, ముందు ఒకటి, తర్వాత మిగతావి అన్నట్టు ఎక్కించాలి. క్యూకు కూడా అదే మంచిది, గుర్తులన్నీ ఒకే పొద్దున చెరిగిపోవు.

మరి మనకేంటి?

మన జిల్లాల్లో ఇది వింటున్న వాళ్లలో మీసేవ సెంటర్‌లో పనిచేసేవాళ్లు, ఆపరేటర్లు, నెట్ సెంటర్ నడిపేవాళ్లు, బీటెక్, పాలిటెక్నిక్ చదివేవాళ్లు ఉంటారు. భూమి రికార్డులు 2020 అక్టోబర్‌లో ధరణికి వెళ్లాయి, 2025లో భూభారతి వచ్చింది. అసలు రికార్డు హైదరాబాద్‌లో పెద్ద సర్వర్లలో ఉండొచ్చు. కానీ దానికి స్కాన్ చేసి ఎక్కించే కాగితం, అప్‌లోడ్ చేసే పీడీఎఫ్, ప్రింట్ తీసే పెన్‌డ్రైవ్ మన మధ్యే తిరుగుతాయి. ఫైల్ సర్వర్‌కు చేరే నీళ్లు మన కాలువల్లోంచే పోతాయి.

కాబట్టి నాలుగు మాటలు. ఒకటి, స్లో అయ్యిందని యాంటీవైరస్ తీసేయకండి. ఏం తింటోందో చూడండి. పెద్ద స్కాన్ పని గంటల్లో నడుస్తుంటే రాత్రికి మార్చండి. రాత్రే ఫైళ్లు చూసి పెట్టుకుంటే పొద్దున భారం తగ్గుతుంది. రెండు, ఏ ఫోల్డర్‌నైనా స్కాన్ నుంచి మినహాయిస్తే ఎవరు మినహాయించారు, ఎందుకు, ఎప్పటిదాకా అనేది ఒక కాగితం మీద రాసి పెట్టండి. తేదీ లేని మినహాయింపు అంటే శాశ్వతంగా తెరిచిన తలుపు. మూడు, షేర్డ్ ఫోల్డర్‌లో అందరికీ రాసే హక్కు ఇవ్వకండి. చదివితే సరిపోయేవాడికి చదివే హక్కు చాలు. స్కానర్‌కు కూడా పని తగ్గుతుంది. నాలుగు, బ్యాకప్. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి బయట. ఆ బయటిది కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉండకూడదు. 2019లో కరెంటు సైట్లు తిరిగి లేచింది బ్యాకప్ వల్లే కదా.

స్టూడెంట్స్‌కు ఒక మాట. అందరూ కోడింగ్, ఏఐ అంటారు, మంచిదే. కానీ సర్వర్ ఎంత మోయగలదు, ఎప్పుడు మునుగుతుంది అని ముందే లెక్క వేసి చెప్పే పని కూడా ఒక ఉద్యోగం. కెపాసిటీ ప్లానింగ్ అంటారు. దానికి పెద్ద గణితం అక్కర్లేదు. మనం ఇప్పుడు వేసిన గుణకారం వస్తే మొదలుపెట్టొచ్చు. మీ కాలేజీ ల్యాబ్‌లో ఒక పాత పీసీ మీద సాంబా, క్లామ్ ఏవీ రెండూ ఉచితంగా పెట్టుకోండి. తనిఖీకి ఐకార్ అనే టెస్ట్ ఫైల్ ఉంది, అది నిజమైన వైరస్ కాదు, ఏ హానీ చేయదు. వెయ్యి ఫైళ్లు ఒకేసారి తెరిచి చూడండి, ఏ సంఖ్య దగ్గర చక్రం తిరగడం మొదలవుతుందో రాసుకోండి. ఇంటర్వ్యూలో ఆ కాగితం చూపిస్తే సర్టిఫికెట్ కన్నా గట్టిగా మాట్లాడుతుంది.

రంగసముద్రం లాంటి చెరువులు కట్టినవాళ్లకు కంప్యూటర్ తెలియదు. కానీ ఎప్పుడో ఒకసారి పెద్ద వాన వస్తుందని తెలుసు. అందుకే అలుగు లేకుండా కట్ట వేయలేదు. ఎండాకాలంలో ఆ అలుగు చూస్తే ఖాళీ రాళ్లే, దండగ ఖర్చు అనిపిస్తుంది. దాని విలువ తెలిసేది వాన రోజే.

వచ్చే ఎపిసోడ్‌లో స్టేట్ డేటా సెంటర్లు ఎట్లా మొదలయ్యాయో చెప్తాను. అప్పటిదాకా మీ ఆఫీసులో, మీ షాపులో బ్యాకప్ ఎప్పుడు తీశారో ఒకసారి తేదీ చూసుకోండి. ఉంటా మరి, నమస్తే.